ఆమె చెప్పింది విన్నాక నాకు నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: యుద్ధం వల్ల దేశం విడిచి వచ్చినవారికి సాయపడే ఒక సంస్థలో కొంతకాలంగా స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. ఆశ్రయం కోసం పెట్టుకునే దరఖాస్తుకు జతచేయవలసిన వాంగ్మూలాన్ని, వారు చెబుతుంటే రాసిపెట్టడం నా పని. ప్రస్తుతం ఒక మహిళ వాంగ్మూలం రాస్తున్నాను. ఆమెను నిర్బంధంలో పెట్టి హింసించారు. పారిపోయి వస్తుంటే దారిలో కొడుకు తప్పిపోయాడు. ఉన్నాడో లేడో తెలియదు. తేదీలు ఒకసారి ఒకలా, మరోసారి ఇంకోలా చెబుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది, పిలిచినా పలకదు. తలనొప్పి, కడుపునొప్పి అంటుంది గాని, మానసిక వైద్యుల దగ్గరికి వెళదామంటే ‘నాకు పిచ్చి లేదు’ అంటుంది. మనసులో ఉన్నదంతా చెప్పేస్తే బరువు దిగుతుందని నేను పదేపదే అడుగుతున్నాను. అది సరైనదేనా? రాత్రిళ్ళు ఆమె ఫోన్ చేస్తే ఎత్తుతాను. ఈమధ్య నాకే నిద్ర పట్టడం లేదు. ఆమె వర్ణించిన గది నా కలలోకి వస్తోంది. పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. నా భర్త ఈ పని మానేయమంటున్నారు. మానేస్తే ఆమెకు ద్రోహం చేసినట్టే అనిపిస్తోంది. నేనేం చేయాలి?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: మీరు అడిగినవాటిలో ఒకటి రేపటిదాకా ఆగేది కాదు కాబట్టి దానితోనే మొదలుపెడతాను. జరిగినదంతా చెప్పమని ఆమెను అడగడం దయచేసి ఆపేయండి. మీ ఉద్దేశం మంచిదే. చెప్పుకుంటే బరువు తగ్గుతుందన్నది చాలా దుఃఖాల విషయంలో నిజం కూడా. కాని హింసకు గురైన మనిషికి ఆ జ్ఞాపకం ఎప్పుడో జరిగిపోయిన సంగతిలా రాదు, మళ్ళీ ఇప్పుడే జరుగుతున్నట్టుగా వస్తుంది. గుండెదడ, చెమట, ఊపిరాడకపోవడం దానికి తోడవుతాయి. ఘోరం జరిగిన కొద్ది రోజులకే బాధితులను కూర్చోబెట్టి ఒకే విడతలో అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు విరివిగా ఉండేది. అధ్యయనాలు చేసి చూస్తే అది తర్వాతి మానసిక సమస్యలను నివారించడం లేదని, కొందరికి కీడు కూడా చేసిందని తేలింది. ఆ పద్ధతిని వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ మరి రెండు సంస్థలతో కలిసి 2011లో క్షేత్ర కార్యకర్తల కోసం వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో ప్రధానంగా ఉన్నవి మూడే పనులు: చుట్టూ పరిస్థితిని గమనించడం, వినడం, కావలసిన సాయంతో కలపడం. అక్కడ వినడమంటే ఆమె చెప్పదలచుకున్నంత మేరకు వినడమే.

మరి చికిత్సలో జ్ఞాపకాలు చెప్పించరా అని మీకు అనిపించవచ్చు. చెప్పిస్తారు. యుద్ధ బాధితుల కోసం రూపొందిన ఒక చికిత్సలో నేల మీద ఒక తాడు పరిచి, దాన్నే పుట్టిన నాటి నుంచి ఇప్పటివరకు నడిచిన బతుకుగా భావించి, సంతోషాలకు పువ్వులు, ఘోరాలకు రాళ్ళు పెట్టించి, తర్వాత ఒక్కొక్కటిగా మొదటి నుంచి చివరిదాకా చెప్పిస్తారు. ఉగాండాలోని ఒక శిబిరంలో సూడాన్ శరణార్థుల మధ్య దీన్ని పరీక్షించి, మేలు జరిగిందని 2004లో ప్రకటించారు. అయితే అక్కడ చెప్పించేవారు శిక్షణ పొందినవారు. ఎన్నిసార్లు కూర్చోవాలో ముందే అనుకుంటారు, మొదలుపెట్టిన జ్ఞాపకాన్ని సగంలో వదిలిపెట్టరు, అన్నిటికంటే ముఖ్యంగా బాధితురాలు ఒప్పుకుని వస్తుంది. మీ ఎదురుగా కూర్చున్న మహిళ చికిత్సకు ఒప్పుకోలేదు. ఆమె మీ దగ్గరికి వచ్చింది దరఖాస్తు కోసం.

దరఖాస్తుకు గడువు ఉంటుంది, వాంగ్మూలం రాయక తప్పదు. కాబట్టి దానికి ఏం కావాలో న్యాయవాదిని ముందే అడిగి, ఆ మేరకే అడగండి. కూర్చునే చోటు గురించి ఆమెనే ఎంచుకోనివ్వండి. నిర్బంధం నుంచి బయటపడినవారిలో చాలామందికి తలుపు కనబడే కుర్చీ కావాలి, వెనక ఎవరూ నిలబడకూడదు, తలుపు మూసేముందు తమను అడగాలి. ఎంతసేపు మాట్లాడతారో మొదటే చెప్పండి; ఆపాలనుకున్నప్పుడు చెయ్యి ఎత్తితే చాలని చెప్పండి, ఎత్తినప్పుడు కారణం అడగకుండా ఆపేయండి. కఠినమైన భాగాన్ని ఆ పూట మధ్యలోకి తెచ్చి, చివరి పావుగంటను మళ్ళీ ఎప్పుడు కలవాలి, ఏ కాగితాలు తేవాలి వంటి మామూలు విషయాలకు వదలండి. ఆ గది జ్ఞాపకాన్ని అప్పుడే తలచుకున్న స్థితిలో ఆమె ఒంటరిగా వీధిలోకి వెళ్ళకూడదు.

ఆమె ఉన్నట్టుండి ఆగిపోతుందని రాశారు. చూపు ఒకచోట నిలిచిపోయి, ముఖంలో కదలిక లేకుండా, పిలిచినా పలకని ఆ స్థితి మొండితనం కాదు, ఏదో దాచిపెట్టడమూ కాదు. తట్టుకోలేనిది ఎదురైనప్పుడు మనసు అక్కడి నుంచి తప్పుకుంటుంది. ఒకప్పుడు ఆమెను బతికించినది బహుశా ఆ తప్పుకోవడమే. అలాంటప్పుడు భుజం పట్టుకుని కుదపకండి, అసలు తాకకండి. పేరు పెట్టి పిలిచి, గొంతు పెంచకుండా నెమ్మదిగా చెప్పండి: “మీరు ఇప్పుడు మా ఆఫీసులో ఉన్నారు. నేను మీ దరఖాస్తు రాస్తున్న మనిషిని. ఈరోజు గురువారం. తలుపు తెరిచే ఉంది.” రెండు పాదాలు నేలకు గట్టిగా ఆనించమనండి, ఎదురుగా కనిపిస్తున్న వస్తువుల పేర్లు చెప్పమనండి, చల్లని నీళ్ళ గ్లాసు చేతికి ఇవ్వండి. తేరుకున్నాక ఏం గుర్తొచ్చిందని అడగవద్దు. వాంగ్మూలం ఆ పూటకు అంతటితో చాలు.

తేదీలు మారుతున్నాయని మీరు కలవరపడుతున్నారు. ఆమె అబద్ధం చెబుతోందేమోనన్న అనుమానం ఆ కలవరంలో కొంచెమైనా ఉంటే, దాన్ని ఇక్కడే తీర్చుకోవడం మంచిది. 2002లో బ్రిటన్‌లో కొసోవో, బోస్నియాల నుంచి వచ్చిన శరణార్థులను ఒకే సంఘటన గురించి రెండుసార్లు అడిగి చూశారు. వారికి అప్పటికే ఆశ్రయం దొరికింది కనుక అబద్ధం చెప్పవలసిన అవసరమే లేదు. అయినా రెండు కథనాలకూ మధ్య తేడాలు వచ్చాయి. అసలు సంఘటన కంటే దాని చుట్టూ ఉన్న వివరాల్లో ఎక్కువగా వచ్చాయి. మానసిక గాయపు లక్షణాలు తీవ్రంగా ఉన్నవారిలో, రెండు ఇంటర్వ్యూల మధ్య వ్యవధి పెరిగేకొద్దీ తేడాలూ పెరిగాయి. దీనికి తోడు, తల మీద దెబ్బలు తిన్నవారికి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతినే అవకాశం ఉంది. ఆమె తలనొప్పిని మనోవ్యథ ఖాతాలో వేసేసి ఊరుకోకుండా, దెబ్బల సంగతి వైద్యులకు చెప్పి పరీక్ష చేయించండి. ఇక రాసేటప్పుడు తేదీలన్నీ సరిపోయేలా మీరు సర్దవద్దు. మీరు సర్దిన తేదీ రేపు అధికారి ముందు ఆమె నోట మళ్ళీ మారితే నష్టపోయేది ఆమే. గుర్తులేనిచోట గుర్తులేదని, ‘చలికాలం, కొడుకు బడికి వెళ్ళడం మానేసిన తర్వాత’ అని ఆమె చెబితే అలాగే, ఆమె మాటల్లోనే రాయండి. హింస ఆనవాళ్ళను వైద్యులు ఎలా పరీక్షించి నమోదు చేయాలో చెప్పే ఇస్తాంబుల్ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ప్రమాణం 1999 నుంచి ఉంది, 2022లో దాన్ని సవరించారు. కథనంలో పొంతన లేకపోవడం దానంతట అదే అబద్ధానికి రుజువు కాదని అందులోనూ ఉంది. ఆ పద్ధతిలో వైద్య నివేదిక తెప్పించే వీలుందేమో న్యాయవాదిని అడగండి. ఆమె మళ్ళీ మళ్ళీ చెప్పవలసిన అవసరాన్ని అది కొంత తగ్గించవచ్చు.

ఇంతకంటే లోతైన విషయం ఒకటుంది. గాయం గతంలో అయింది కాబట్టి మందు కూడా గతానికే వేయాలని మనం అనుకుంటాం. హన్స్ కైల్సన్ అనే వైద్యుడు 1936లో జర్మనీ నుంచి నెదర్లాండ్స్‌కు పారిపోయి తానే శరణార్థి అయినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న 204 మంది యూదు పిల్లలను ఏళ్ళ తరబడి పరిశీలించి 1979లో తన అధ్యయనాన్ని ప్రచురించాడు. వారి కష్టకాలాన్ని ఆయన మూడు దశలుగా విభజించాడు: శత్రువు ఆక్రమణ, తర్వాత శిబిరాల్లోనో అజ్ఞాతంలోనో గడిపిన కాలం, ఆ తర్వాత యుద్ధం ముగిశాక గడిచిన ఏళ్ళు. రెండో దశలో ఘోరాలు ఎక్కువ చూసినా, మూడో దశలో ఆదరణ దొరికిన పిల్లలు, రెండో దశలో తక్కువ చూసి మూడో దశలో నిరాదరణకు గురైనవారి కంటే మెరుగ్గా ఉన్నారు. ఇప్పుడు మీరున్నది ఆమె మూడో దశలో. శరణార్థులపై జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2005లో వెలువడింది. సొంత ఇల్లు కాక సంస్థల వసతుల్లో ఉండవలసి వచ్చినవారిలో, సంపాదించుకునే వీలు లేనివారిలో మానసిక ఆరోగ్యం ఎక్కువగా దెబ్బతిన్నదని అందులోనూ కనిపించింది. కాబట్టి ఉండే గదికి గడియ సరిగా పడేలా చూడడం, దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పడం, చెప్పిన వేళకు రావడం, తెలియని చోట తెలియదని నిజం చెప్పడం, ఇవన్నీ చికిత్సకు ముందు చేసే చిల్లర పనులని అనుకోకండి. ఈరోజు భద్రంగా, రేపు ఏం జరుగుతుందో కొంతైనా తెలిసేలా లేకపోతే చికిత్స నిలబడడం కష్టం. మీ చేతిలో ఉన్నది సరిగ్గా ఆ పనే.

‘నాకు పిచ్చి లేదు’ అని ఆమె అనడంలో తప్పు లేదు, నిజంగానే లేదు. యుద్ధ ప్రాంతాల్లో బతికేవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి కుంగుబాటు, ఆందోళన, పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వదలకుండా వేధించే మానసిక గాయం) వంటి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా వేసింది. అది పెద్ద సంఖ్యే. అయినా శరణార్థి అన్నంత మాత్రాన మనోరోగి అనుకోవడం తప్పని కూడా అదే చెబుతోంది. ఆమెతో మాట్లాడేటప్పుడు రోగాల పేర్లు ఎత్తకండి. ఆమె చెబుతున్నది శరీరం బాధ కనుక అక్కడే మొదలుపెట్టండి: “ఇంత అనుభవించినవారికి నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, కడుపునొప్పి తరచుగా వస్తాయి. దానికి సాయం చేసేవారు ఉన్నారు. మొదటిసారి నేను మీతో వస్తాను, నచ్చకపోతే మళ్ళీ వెళ్ళనక్కరలేదు.” పెద్ద డాక్టరే కావాలని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తెచ్చిన ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అనే విధానంలో, శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలే ఐదు విడతల్లో ఊపిరిని నెమ్మదించడం, సమస్యను విడదీసి చూడడం, వదిలేసిన పనుల్లోకి మెల్లగా తిరిగి రావడం నేర్పుతారు. అలాంటివారు మీ దగ్గర్లో ఉన్నారేమో విచారించండి. దుబాసీ అవసరమైతే, పిల్లలనో బంధువులనో కూర్చోబెట్టవద్దు. వారి ముందు ఆమె చెప్పలేనివి ఉంటాయి. ఎవరి మిగిలిపోయిన నిద్రమాత్రలూ ఆమెకు ఇవ్వవద్దు.

చనిపోతే బాగుండునన్న మాట ఆమె నోట వచ్చినా, ఉన్న కొద్ది వస్తువులు ఇతరులకు పంచిపెడుతున్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్యుల దగ్గరికి చేర్చండి. ఈ విషయాన్ని మీలోనే దాచుకుంటానని మాత్రం ఆమెకు మాట ఇవ్వకండి.

కొడుకు గురించి. చావు ఖాయమైతే ఏడ్చి కర్మకాండ చేసుకునే దారి ఒకటి ఉంటుంది, బతికి ఉన్నాడని తెలిస్తే ఎదురుచూసే దారి ఉంటుంది. ఈ రెండూ లేని తల్లిని ‘తప్పకుండా వస్తాడు’ అనీ ఊరడించకూడదు, ‘ఇక మనసు రాయి చేసుకోండి’ అనీ అనకూడదు. ఆశ, దుఃఖం రెండూ ఆమెలో ఒకేసారి ఉంటాయి, ఉండనివ్వాలి. చేయగలిగినది ఒకటుంది: విడిపోయిన కుటుంబాలను వెతికే విభాగం రెడ్ క్రాస్, రెడ్ క్రెసెంట్ సంస్థలకు ఉంది. సేవ ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఆమె సరేనంటేనే వెళ్ళండి; కొందరు తల్లులు జవాబుకు భయపడి ఏళ్ళపాటు ఆ కాగితం నింపరు, అది కూడా వారి హక్కే. వెళ్ళినప్పుడు కబురు రావడానికి చాలా కాలం పట్టవచ్చని, అసలు రాకపోవచ్చని కూడా ముందే చెప్పండి.

ఇక మీ సంగతి. మీకు వస్తున్న ఆ కల మీ బలహీనత కాదు. ఇతరుల ఘోరాలను రోజూ వినేవారి లోపల లోకం మీద నమ్మకం, భద్రతాభావం, నిద్ర క్రమంగా మారిపోతాయని మెక్‌కాన్, పెర్ల్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లోనే వివరించారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక వ్యాధుల నిర్ధారణ గ్రంథం, వృత్తిరీత్యా ఇలాంటి వివరాలకు పదేపదే గురికావడాన్ని కూడా పీటీఎస్‌డీకి దారితీయగల కారణాల్లో చేర్చింది. మీరు జీతం లేకుండా చేస్తున్నా మనసుకు ఆ తేడా తెలియదు. పైగా మీ పని వినడంతో ఆగదు. మరొకరికి కళ్ళకు కట్టేలా రాయాలి, రాయాలంటే ముందు మీరు చూడాలి. ఆ గది మీ కలలోకి వచ్చింది అందుకే. మీ సంస్థలో దుబాసీలుగా పనిచేస్తున్నవారిలో అదే దేశం నుంచి వచ్చినవారు ఉంటే వారి పరిస్థితి మీకంటే కష్టం; వారు వింటున్నది తమ ఊరి కథ. వారిని కూడా ఎవరో ఒకరు పలకరించాలి.

రాసేటప్పుడు కొంత ధ్యాస కావాలనే మీ మీద ఉంచుకోండి: కుర్చీకి ఆనిన వీపు, వేళ్ళ మధ్య పెన్ను. ఆమె స్థానంలో మిమ్మల్ని గాని, ఆమె కొడుకు స్థానంలో మీ పిల్లలను గాని ఊహించుకోవడం మొదలైందని గమనించిన క్షణంలో చూపు కాగితం మీదికి తెచ్చుకోండి. ఊహించుకోకపోతే దయ తగ్గినట్టు కాదు. ఆమెకు కావలసింది తనతోపాటు ఆ గదిలోకి వచ్చే మనిషి కంటే, బయట నిలకడగా నిలబడే మనిషి. ఆ కాగితాలు ఇంటికి తేవద్దు, రాత్రి పూట సరిదిద్దవద్దు. కుదిరితే తప్పులు దిద్దే పని మరొకరికి ఇవ్వండి. మీ భర్తతో మీకు ఎలా ఉందో చెప్పండి, ఆమెకు ఏం జరిగిందో చెప్పవద్దు. అది ఆమె రహస్యం, ఆ బొమ్మ ఆయన కళ్ళ ముందు కూడా నిలవనక్కరలేదు. పిల్లలకు మాత్రం ఒక మాట చెప్పాలి: అమ్మ అలసిపోయి అరిచింది, తప్పు మీది కాదు అని.

రాత్రి ఫోన్ల విషయంలో నేను గట్టిగా చెబుతాను. ఎప్పుడు చేసినా ఎత్తుతానన్న మాట ఎవరూ నిలబెట్టుకోలేరు. ఒక రాత్రి మీరు ఎత్తరు, మాట ఇచ్చినవారందరూ తప్పిన బతుకులో అది మరొకటి అవుతుంది. వారంలో ఫలానా రోజు, ఫలానా వేళ అని చెప్పి, దాన్ని తప్పకుండా పాటించండి. రాత్రి అత్యవసరమైతే ఎవరికి చేయాలో ఆ నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి.

మానేయాలా అన్నదానికి నా జవాబు: ఇప్పుడే మానేయవద్దు, ఇలాగే కొనసాగవద్దు. ఈ వారంలోనే మీ సంస్థ సమన్వయకర్తతో కూర్చుని, మీ ఉత్తరంలో నాకు రాసినదంతా చెప్పి, రెండు అడగండి: వాంగ్మూలం రాసిన ప్రతి పూటా తర్వాత కొంతసేపు మాట్లాడడానికి అనుభవమున్న ఒక మనిషి, ఒకేసారి ఇలాంటి కథనాలు ఒకటికి మించి మీ మీద పడకుండా ఏర్పాటు. ఇవి మీరు అడుగుతున్న మేలు కాదు, ఇలాంటి పని చేయించే సంస్థ బాధ్యత. ‘వాలంటీర్లకు అలాంటివి ఉండవు’ అన్న సమాధానం వస్తే, అదే సంస్థలో భాష నేర్పడం, బడి దరఖాస్తులు నింపడం వంటి మరో పనికి మారండి. ఆ పనుల విలువ తక్కువని నేను అనుకోను. ఈ మార్పులు చేసుకున్నాక కూడా కలలు, చిరాకు ఒక నెలకు మించి సాగితే, లేదా నిద్ర కోసం మద్యమో మాత్రలో ఆశ్రయించవలసి వస్తే, అప్పుడు చూపించుకోవలసింది మీరు. ఆమెకు చెప్పిన మాటలనే మీకూ చెప్పుకుని వెళ్ళండి.

ఏ కారణంగానైనా ఆమె వాంగ్మూలాన్ని మరొకరికి అప్పగించవలసి వస్తే, ఆ కబురు ఫోన్లోనో మరొకరి ద్వారానో పంపకండి. ఆమె జీవితంలో చాలామంది చెప్పకుండానే మాయమయ్యారు. కనీసం రెండు వారాల ముందు ఎదురుగా కూర్చుని, కారణం ఆమె కాదని, మీ పని మారుతోందని చెప్పండి. కొత్తగా వచ్చేవారిని పరిచయం చేసి ఒక పూట ముగ్గురూ కలిసి కూర్చోండి. అప్పటివరకు రాసినదంతా ఆమె అనుమతితో వారికి అందించి, చెప్పినవన్నీ మొదటి నుంచి మళ్ళీ చెప్పనక్కరలేదని ఆమెకు స్పష్టంగా తెలియజేయండి.